ఆహారపు అలర్జీ: దేహమునకు సహనము నేర్పు చికిత్సలు

"వంకాయ నాకు పడదు", "గ్రుడ్డు మా పిల్లవానికి పడదు" అని మన యిండ్లలో తరచుగా వినుచుందుము. 'పడదు' అను నీ చిన్న మాట కడుపుబ్బరము మొదలుకొని ప్రాణాపాయము వరకు గల పలువిధములైన స్థితులను తనలో ఇముడ్చుకొని యున్నది. పాలు త్రాగినచో కడుపు ఉబ్బువారు కలరు. పాలలోని చక్కెరను జీర్ణింపజేయు రసము వారిలో చాలకుండుటయే దానికి కారణము. అది బాధ పెట్టునే కాని ప్రాణము తీయదు. ఆహారపు అలర్జీ యట్టిది కాదు. నిరపాయమైన ఆహారమును శత్రువుగా నెంచి దేహము చేయు పోరాటమది. వేరుసెనగ గింజ నలుసంత తిన్నను ఒడలెల్ల దద్దుర్లు లేచి, పెదవులు వాచి, ఊపిరి యాడక, రక్తపుపోటు పడిపోయి, కొలది నిమిషములలో ప్రాణము మీదికి వచ్చుట కలదు.

చిరకాలము ఈ వ్యాధికి వైద్యులు చెప్పిన మార్గ మొక్కటే: ఆ పదార్థమును జన్మములో ముట్టకుండుట. గత ముప్పది సంవత్సరములుగా వేరొక మార్గము రూపొందుచున్నది. దేహము దేనిని చూచి బెదరుచున్నదో దానినే అత్యల్ప మాత్రలతో ప్రారంభించి, క్రమముగా పెంచుచు, దేహమునకు సహనము నేర్పుట దీని సారము. దీనిని ఇమ్యునోథెరపీ యందురు. అనగా దేహరక్షణ శక్తికి శిక్షణ నిచ్చు చికిత్స.

ఈ విషయమును మన సంఘమువారు తెలిసికొనుట రెండు కారణములచే అవసరము. ఒకే కుటుంబమువారు నేడు బెంగుళూరున ఒకరు, చెన్నైయందొకరు, విదేశములలో ఒకరుగా నివసించుచున్నారు. అక్కడి చికిత్సల వార్తలు ఇక్కడికి సగము సగముగా చేరుచున్నవి. "కొంచెము కొంచెముగా ఇంటిలోనే పెట్టి అలవాటు చేసిన చాలునట" యని కొందరు తలంచుచున్నారు. ఇది ప్రాణహాని కలిగింపగల భావము. రక్తపరీక్షలో పేరు కనబడిన ఆహారమునెల్ల పిల్లలకు మానిపించువారు మరికొందరు. ఇది బిడ్డల పోషణకు హాని చేయు భావము. ఈ రెంటికిని సమాధానము ఈ చికిత్స పనిచేయు తీరును గ్రహించుటలోనే యున్నది.

అలర్జీ పుట్టు విధము

1902లో ఫ్రాన్సు దేశీయులైన షార్ల్ రిషే, పాల్ పోర్టియే అను శాస్త్రజ్ఞులు సముద్రజీవుల విషమును కుక్కలకు ఎక్కించి, వానికి ఆ విషమును తట్టుకొను శక్తి కలుగునేమో యని పరీక్షించిరి. ఫలితము తలక్రిందులైనది. మొదటి మాత్రను ఓర్చుకొన్న కుక్క, కొన్ని వారముల పిమ్మట అంతకంటె చాల చిన్న మాత్రకే నిమిషములలో చనిపోయెను. రక్షణకు విరుద్ధమైన స్థితి గావున దీనికి 'అనాఫిలాక్సిస్' అని పేరిడిరి. ఈ పరిశోధనకు రిషేకు 1913లో నోబెల్ బహుమానము లభించినది. 'అలర్జీ' యను మాటను 1906లో వియన్నా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే కల్పించెను.

ఈ గుణము రక్తములోని యేదో ఒక పదార్థములో నున్నదని 1921లో ప్రౌస్‌నిట్స్, క్యూస్ట్నర్ అనువారు నిరూపించిరి. క్యూస్ట్నర్‌కు చేప పడదు. ఆయన రక్తపు తేటను ప్రౌస్‌నిట్స్ తన చర్మములోనికి ఎక్కించుకొని, మరునాడు అచ్చటనే చేప సారమును ఎక్కించుకొనగా, ఆ చోట దద్దురు లేచెను. ఆ అజ్ఞాత పదార్థమును కనుగొనుటకు మరి నలుబది యైదేండ్లు పట్టినది. 1966, 1967 సంవత్సరములలో అమెరికాలో ఇషిజాకా దంపతులును, స్వీడనులో జొహాన్సన్, బెన్నిచ్ అనువారును వేరువేరుగా దానిని గుర్తించిరి. అదియే 'ఐజిఇ' అను ప్రతిరక్షకము.

అలర్జీ గల బిడ్డ దేహమున వేరుసెనగ మాంసకృత్తులకు సరిపడు ఐజిఇ తయారై, చర్మమునందును, ప్రేగులందును, ఊపిరితిత్తులందును గల మాస్ట్ కణములపై అంటుకొని యుండును. ఈ కణములు మందుగుండు నింపిన తుపాకుల వంటివి. ఐజిఇ వాని మీట వంటిది. వేరుసెనగ మాంసకృత్తు వచ్చి ప్రక్కప్రక్కన నున్న రెండు ఐజిఇలను కలిపి పట్టుకొనిన క్షణమున కణము ప్రేలి, హిస్టమిన్ మొదలగు ద్రవ్యములు వెలువడును. దద్దురు, వాపు, ఆయాసము, స్పృహ తప్పుట ఇవన్నియు వాని ఫలములే.

సహనమే సహజ ధర్మము

మనము దినదినము తిను అన్నము, పప్పు, కూరలు అన్నియు దేహమునకు పరాయి పదార్థములే. ఐనను దేహము వానితో పోరాడదు. నోటి ద్వారా వచ్చిన ఆహారమును మన్నింపవలెనని ప్రేగులయందలి రక్షణ కణములు నేర్చుకొనియుండును. 1911లో వెల్స్, ఆస్‌బర్న్ అనువారు సీమపందులపై ప్రయోగములు చేసి, ముందుగా తిన్న మాంసకృత్తు విషయములో ఆ జంతువులకు అనాఫిలాక్సిస్ కలుగకుండుటను చూపిరి.

ఈ మన్నింపును కాపాడునవి నియంత్రక టి-కణములు. ఇతర రక్షణ కణములు హద్దు మీరకుండ ఇవి అదుపు చేయును. జపాను శాస్త్రజ్ఞుడు షిమొన్ సకగూచి 1995లో వీనిని నిర్ధారించెను. వీని పుట్టుకకు మూలమైన జన్యువును అమెరికాకు చెందిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ 2001లో కనుగొనిరి. ఈ మువ్వురకును 2025లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమానము ఈయబడినది. కావున ఆహారపు అలర్జీ యనగా సహజమైన సహనము ఏర్పడకపోవుట, లేదా ఏర్పడి చెడిపోవుట యని చెప్పవచ్చును. చికిత్స చేయువారి ఆశ యంతయు ఆ సహనమును మరల నెలకొల్పుటయందే యున్నది.

మన ఆయుర్వేదమునందు 'సాత్మ్యము' అను భావము కలదు. అభ్యాసముచే దేహమునకు హితమైన దానిని ఓకసాత్మ్యమని చరకసంహిత పేర్కొనుచున్నది. ఈ పోలిక మనకు విషయమును సుబోధము చేయును. కాని మాట పోలికను బట్టి ఐజిఇ వలని అలర్జీకి చికిత్స పూర్వమే తెలిసియుండెనని చెప్పుట తగదు. ఎంత మాత్ర, ఎన్ని దినములు, ఎంత అపాయము అను ప్రశ్నలకు ఉత్తరము ఆధునిక పరిశోధనల నుండియే లభించినది.

తొలి ప్రయత్నములు

1908లో ఆల్‌ఫ్రెడ్ స్కోఫీల్డ్ అను ఆంగ్ల వైద్యుడు 'లాన్సెట్' పత్రికలో ఒక చిన్న వ్యాసము ప్రకటించెను. గ్రుడ్డు లేశమాత్రము తగిలినను తీవ్రముగా బాధపడు 13 ఏండ్ల బాలునకు, గ్రుడ్డులో పదివేలవ వంతుతో మొదలుపెట్టి దినదినము మాత్రల రూపమున ఇచ్చుచు, కొన్ని నెలలలో అతడు గ్రుడ్డు తినగల స్థితికి తెచ్చిన వృత్తాంతమది. నేటి నోటి చికిత్సకు ఇదియే మూలరూపము. 1911లో లండనున లెనర్డ్ నూన్ గడ్డి పుప్పొడి సారమును సూది ద్వారా క్రమముగా పెంచి ఎక్కించి, పుప్పొడివలన కలుగు జలుబునకు చికిత్స చేసెను. ఈ సూదిమందు పద్ధతి పుప్పొడి, దుమ్ము, కందిరీగ విషము వీని విషయమున నేటికిని వాడుకలో నున్నది.

ఆహారము విషయములో ఈ సూదిమందు పనికిరాదని 1990 తరువాత తేలినది. వేరుసెనగ సారమును చర్మము క్రిందికి ఎక్కించిన అమెరికా పరిశోధన యొకటి 1992లో ప్రకటింపబడినది. సహనము కొంత పెరిగినదే కాని, తీవ్రమైన ప్రతిక్రియలు మితిమీరినవి. ఔషధము లేని సూది పొందవలసిన వ్యక్తికి పొరపాటున వేరుసెనగ సారమునే ఎక్కించుటచే మరణము సంభవించి, ఆ పరిశోధన నిలిపివేయబడినది. దీనితో శాస్త్రజ్ఞులు సూదిని విడిచి, దేహమునకు సహజముగా సహనము నేర్పు ద్వారమైన నోటి వైపు మరలిరి.

నోటి ద్వారా చికిత్స

ఈ పద్ధతిలో మూడు దశలు కలవు. మొదటి దినమున ఆసుపత్రిలో కొన్ని గంటలపాటు అత్యల్ప మాత్రలను ఒకదాని వెంట ఒకటి ఇచ్చి చూతురు. తరువాత నిర్ణయించిన మాత్రను దినము ఇంటిలో తీసికొనుచు, సాధారణముగా రెండు వారముల కొకసారి ఆసుపత్రికి పోయి వైద్యుని యెదుట పెంచుకొందురు. చివరకు ఒక నిలుకడ మాత్రను చేరి, దానిని ప్రతిదినమును కొనసాగింతురు.

అమెరికా ప్రభుత్వపు ఔషధ సంస్థ 2020 జనవరి 31న 'పాల్‌ఫోర్జియా' అను వేరుసెనగ పొడిని 4 నుండి 17 ఏండ్ల వారికై ఆమోదించినది. ఆహారపు అలర్జీకి ఆమోదము పొందిన మొదటి మందు ఇదియే. 2024లో ఆ ఆమోదము 1 నుండి 3 ఏండ్ల శిశువులకును విస్తరించినది. పెద్ద పిల్లలకు దీని తొలి మాత్ర 0.5 మిల్లీగ్రాముల మాంసకృత్తు. ఒక వేరుసెనగ గింజలో సుమారు 250 నుండి 300 మిల్లీగ్రాములు ఉండును. అనగా మొదలిడునది గింజలో సుమారు 500వ వంతుతో. అచ్చటినుండి 11 మెట్లలో 300 మిల్లీగ్రాములకు చేరుటకు దాదాపు ఆరు నెలలు పట్టును. ఇంత శ్రమయు ఒక్క గింజను చేరుటకే యని గమనింపవలెను.

దీనికి ఆధారమైన పరిశోధన 2018లో వెలువడినది. అందు 4 నుండి 17 ఏండ్ల వారు 496 మంది పాల్గొనిరి. సుమారు ఒక సంవత్సరము చికిత్స పొందినవారిలో 67.2 శాతము మంది 600 మిల్లీగ్రాములను, అనగా రెండు గింజలంత దానిని, ఓర్చుకొనగలిగిరి. ఔషధము లేని పొడి తిన్నవారిలో అట్టివారు 4 శాతము మాత్రమే. ప్రతిక్రియల బాధ తాళలేక చికిత్స పొందువారిలో సుమారు 12 శాతము మంది మధ్యలో విరమించిరి. గ్రుడ్డు, పాలు మున్నగు వానిపైనను ఇట్టి పరిశోధనలు జరిగినవి. పెద్దలపై పరిశోధన తక్కువ. 2025లో లండనునుండి వెలువడిన యొక చిన్న అధ్యయనమున 21 మంది వయోజనులకు చికిత్స చేయగా, వారిలో 67 శాతము మంది ఐదు గింజలకు సమానమైన వేరుసెనగను ఓర్చుకొనిరి.

దేహములో జరుగు మార్పు ఇట్టిది. దినదినము వచ్చు చిన్న మాత్రలకు మాస్ట్ కణములు మునుపటివలె సులభముగా ప్రేలవు. కొన్ని నెలలకు 'ఐజిజి4' అను మరియొక ప్రతిరక్షకము అధికముగా తయారగును. అది వేరుసెనగ మాంసకృత్తును దారిలోనే పట్టుకొని, ఐజిఇకి అందనీయదు. అలర్జీని ప్రోత్సహించు టి-కణములు నీరసించును. ఐజిఇ మొదట కొంత పెరిగి, తరువాత నెమ్మదిగా తగ్గును.

సంవేదనాశమనము, ఉపశాంతి, సహనము

ఈ విషయమును గూర్చిన వార్తలలో 'అలర్జీ నయమైనది' అను మాట విరివిగా వాడబడుచున్నది. ఇందు మూడు స్థితులు కలవు. వానిని కలిపివేయుట అపాయకరము. చికిత్స కొనసాగుచున్నంత కాలము మాత్రమే ఓర్పు నిలుచుట మొదటిది. దీనిని సంవేదనాశమనము అందము. చికిత్స నిలిపిన కొన్ని నెలల పిమ్మటను ఓర్పు నిలుచుట రెండవది. ఇది ఉపశాంతి. అలర్జీ లేనివానివలె ఎప్పుడైనను, ఎంతయైనను తినగలుగుట మూడవది. ఇదియే నిజమైన సహనము.

ఈ మూటి మధ్య నున్న దూరమును అంకెలు చూపుచున్నవి. 2012లో ప్రకటింపబడిన గ్రుడ్డు చికిత్సలో 5 నుండి 11 ఏండ్ల పిల్లలు 40 మంది చికిత్స పొందిరి. 22 నెలలకు వారిలో 75 శాతము మందికి సంవేదనాశమనము కలిగినది. చికిత్స ఆపి, గ్రుడ్డు మానిపించి, 24వ నెలలో మరల పరీక్షింపగా 28 శాతము మంది మాత్రమే నిలిచిరి. 2019లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన వేరుసెనగ పరిశోధనలో, రెండేండ్లు చికిత్స పొంది ఆపినవారిలో ఒక సంవత్సరము తరువాత ఓర్పు నిలిచినది 13 శాతము మందికే.

చిన్న వయస్సున ప్రారంభించిన మేలు ఎక్కువ కనబడుచున్నది. 2022లో వెలువడిన పరిశోధనలో 1 నుండి 4 ఏండ్ల లోపు పిల్లలు 146 మంది చేర్పబడిరి. 134 వారముల చికిత్స తరువాత 71 శాతము మంది 5000 మిల్లీగ్రాముల మాంసకృత్తును ఓర్చుకొనిరి. 26 వారములు మాన్పించిన పిమ్మట ఉపశాంతి పొందినవారు 21 శాతము. చికిత్స లేనివారిలో 2 శాతము. మిక్కిలి చిన్నవారికిని, ఐజిఇ తక్కువగా నున్నవారికిని ఈ ఫలము విశేషముగా కలిగినది. లేత వయస్సున రక్షణ వ్యవస్థ ఇంకను నేర్చుకొను దశలో నుండుటయే కారణమని పరిశోధకుల యభిప్రాయము.

ఇతర మార్గములు

నోటి చికిత్సకంటె సుకుమారమైన పద్ధతులును పరీక్షింపబడుచున్నవి. నాలుక క్రింద కొలది చుక్కలు ఉంచుట ఒకటి. ఇందు మాత్ర స్వల్పము, అపాయము స్వల్పము, ఫలమును సాధారణముగా స్వల్పమే. చర్మముపై పట్టీ అంటించుట మరొకటి. 250 మైక్రోగ్రాముల వేరుసెనగ మాంసకృత్తు గల పట్టీని 1 నుండి 3 ఏండ్ల పిల్లలకు ఒక సంవత్సరము వాడిన పరిశోధన 2023లో ప్రకటింపబడినది. పట్టీ ధరించినవారిలో 67 శాతమునకును, ఉత్తి పట్టీ ధరించినవారిలో 33.5 శాతమునకును ఓర్పు నిర్ణీత ప్రమాణమునకు పెరిగినది.

'ఒమాలిజుమాబ్' అను సూదిమందు మార్గమే వేరు. ఇది సహనము నేర్పదు. రక్తములోని ఐజిఇని పట్టుకొని, మాస్ట్ కణములకు అంటకుండ చేయును. ఉబ్బసమునకు 2003లోనే అమెరికాలో ఆమోదింపబడిన ఈ మందు, 2024 ఫిబ్రవరిలో ఆహారపు అలర్జీ గలవారికి ప్రమాదవశమున కలుగు ప్రతిక్రియలను తగ్గించుటకును ఆమోదము పొందినది. దీని పరిశోధనలో 177 మంది పిల్లలను పరిశీలింపగా, మందు పొందినవారిలో 67 శాతము, పొందనివారిలో 7 శాతము 600 మిల్లీగ్రాముల వేరుసెనగ మాంసకృత్తును ఓర్చుకొనిరి. ఒక్క ఆహారమునకే గాక పాలు, గ్రుడ్డు, జీడిపప్పు మొదలగు పెక్కింటికి ఇది ఒకేసారి రక్షణ యగును. కాని రెండు లేక నాలుగు వారముల కొకసారి సూది కొనసాగవలసినదే. వాడుచున్నను ఆ ఆహారమును మానవలసినదే.

అపాయములు

ఇంటిలో అలవాటు చేయుద మనుకొనువారు ఈ భాగమును జాగ్రత్తగా చదువవలెను. 2019లో 12 పరిశోధనలను, 1041 మంది రోగులను ఒకచోట చేర్చి లెక్కింపగా, వేరుసెనగ నోటి చికిత్స పొందినవారిలో 22.2 శాతమునకును, పొందక మానుకొన్నవారిలో 7.1 శాతమునకును అనాఫిలాక్సిస్ కలిగినట్లు తేలినది. అనగా అలర్జీనుండి రక్షించుటకై చేయు చికిత్సయే, ఆ కాలములో అలర్జీ ప్రతిక్రియలను మూడు రెట్లు చేసినది. ఎప్పుడో తెలియక తినుటవలన కలుగు పెద్ద అపాయమునకు బదులు, తెలిసి, సిద్ధముగా నుండి, చిన్న అపాయములను స్వీకరించుటయే ఈ చికిత్స యొక్క బేరము. ఆ సిద్ధత లేనిచోట బేరము నష్టమే.

నిన్న ఓర్చుకొన్న మాత్ర నేడు ప్రతిక్రియ తేవచ్చును. జ్వరము, జలుబు, పరుగు, వేడినీటి స్నానము, ఖాళీ కడుపు, కొన్ని నొప్పి మాత్రలు, స్త్రీలకు ఋతుకాలము ఇవి ఓర్పును తాత్కాలికముగా తగ్గించును. అందుచే మాత్ర తిన్న రెండు గంటలవరకు ఆటలు కూడవు. జ్వరము వచ్చినచో మాత్ర తగ్గింపవలయునా, ఆపవలయునా యని వైద్యుని అడుగవలెను. ఉబ్బసము అదుపులో లేనివారికి ఈ చికిత్స చేయరాదు. కొలదిమందికి అన్నవాహికలో వాపు కలిగి మ్రింగుట కష్టమగును. అట్టివారు చికిత్స మానవలసి వచ్చును.

అనాఫిలాక్సిస్‌కు మొదటి మందు అడ్రినలిన్ సూది. శరీరపు బరువు కిలోగ్రామునకు 0.01 మిల్లీగ్రాము చొప్పున తొడ వెలుపలి కండరములో వేయవలెను. అవసరమైనచో 5 నుండి 15 నిమిషములలో మరల వేయవలెను. దద్దుర్లకు వాడు మాత్రలు దీనికి బదులు కావు. రోగిని పరుండబెట్టవలెను, హఠాత్తుగా నిలువబెట్టరాదు.

రాకుండ చేయుట

చికిత్సకంటె నివారణ మేలు. ఇచ్చట వైద్యలోకము తన పాత సలహాను తానే మార్చుకొన్నది. అలర్జీ వచ్చు స్వభావము గల పిల్లలకు మూడేండ్లవరకు వేరుసెనగ పెట్టరాదని 2000లో అమెరికా శిశువైద్యుల సంఘము చెప్పియుండెను. ఆధారము చాలదని 2008లో దానిని ఉపసంహరించుకొనెను. అదే 2008లో గిడియన్ లాక్ మొదలగువారు ఒక విశేషమును ప్రకటించిరి. ఇజ్రాయెలునందలి యూదుల పిల్లలకంటె ఇంగ్లండునందలి యూదుల పిల్లలలో వేరుసెనగ అలర్జీ పదిరెట్లుండెను. జాతి యొకటే, భేదమెల్ల తినుటలో నున్నది. ఇజ్రాయెలున శిశువులు లేత వయస్సుననే వేరుసెనగతో చేసిన తినుబండారము తినుచుందురు.

దీనిని పరీక్షించుటకై వారు తీవ్రమైన ఎగ్జిమా యను చర్మవ్యాధి గాని, గ్రుడ్డు అలర్జీ గాని గల 4 నుండి 11 నెలల శిశువులను 640 మందిని తీసికొని, సగము మందికి వేరుసెనగ పెట్టించి, సగము మందికి మానిపించిరి. 2015లో ఫలితము వెలువడినది. మొదట చర్మపరీక్షలో సూచన లేనివారిలో, ఐదేండ్లు వచ్చుసరికి, మానినవారిలో 13.7 శాతమునకును, తిన్నవారిలో 1.9 శాతమునకును అలర్జీ కలిగినది. ఈ మేలు కౌమారమువరకు నిలిచెనని 2024లో తేలినది. నోటి ద్వారా ముందు వచ్చిన ఆహారము సహనమును, చెడిన చర్మము ద్వారా ముందు వచ్చిన ఆహారము అలర్జీని నేర్పునని లాక్ సిద్ధాంతము. శిశువునకు గింజలు పెట్టరాదు, గొంతున అడ్డుపడును. మెత్తగా నూరి, పలుచగా కలిపి పెట్టవలెను. తీవ్రమైన ఎగ్జిమాయో, గ్రుడ్డు అలర్జీయో ఉన్నచో ముందు వైద్యుని సంప్రదింపవలెను.

మన ప్రాంతములు, మన కుటుంబములు

ఈ వ్యాధి మన దేశమున పాశ్చాత్య దేశములలో నున్నంత లేదు. ఐరోపా వారి సహకారముతో కర్ణాటకమున జరిగిన అధ్యయనము 2016లో ప్రకటింపబడినది. అందు 11,000 మందికి పైగా వయోజనులను విచారించిరి. ఆహారములకు సంబంధించిన ఐజిఇ 26.5 శాతము మందిలో కనబడినది. నిజమైన అలర్జీ ఉండదగినవారు 1.2 శాతము మాత్రమే. 2020లో ప్రకటింపబడిన పిల్లల లెక్కలో ఇది 0.14 శాతము. వంకాయవలని అలర్జీని గూర్చి మైసూరున ప్రత్యేక పరిశోధనయే జరిగినది. కావున 'వంకాయ పడదు' అను మన మాట కేవలము అపోహ కాదు.

పై అంకెలలో ముఖ్యమైన పాఠము కలదు. రక్తమున సూచన గలవారు సుమారు 22 మంది యుండగా, నిజముగా అలర్జీ గలవారు ఒక్కరు. తక్కిన వారందరును ఆ ఆహారమును నిశ్చింతగా తినుచున్నవారే. కావున పరీక్షాపత్రమును మాత్రము చూచి పాలు, గ్రుడ్డు, గోధుమ, పప్పు అన్నియు మానిపించుట బిడ్డకు అన్యాయము. తిన్నప్పుడు ఏమి జరిగినదో ఆ వృత్తాంతము మొదటి సాక్ష్యము. పరీక్ష రెండవ సాక్ష్యము. సందేహము మిగిలినచో వైద్యుని యెదుట తినిపించి చూచుట తుది తీర్పు. పాలు, గ్రుడ్డు పడని పిల్లలలో సుమారు 70 శాతము మంది వానిని బాగుగా కాల్చి చేసిన రొట్టెలలో ఓర్చుకొందురు. ఇదియు వైద్యుని యెదుటనే తెలిసికొనదగినది.

పలుభాషల నడుమ నివసించు మన కుటుంబములకు మరియొక చిక్కు కలదు. వేరుసెనగనే మనలో శనక్కాయలనియు, పల్లీలనియు అందురు. కన్నడమున అది కడలెకాయి, తమిళమున వేర్కడలై, నిలక్కడలై, మరాఠీలో శేంగదాణే, ఒడియాలో చినాబాదాం. ఫ్రాన్సున బంధువులు గల యానాం కుటుంబములవారు అచ్చటి డబ్బాలపై 'అరషీద్' అను మాటను గుర్తింపవలెను. కన్నడమున 'కడలె' యన్నను, తమిళమున 'కడలై' యన్నను శనగలు కావచ్చును. కాని తమిళమున 'కడలై ఎణ్ణెయ్' వేరుసెనగ నూనె. ఒక్క అక్షరపు తేడాలో బిడ్డ ప్రాణమున్నది. చిత్రాన్నములోను, పులిహోరలోను, మహారాష్ట్రుల సాబుదాణా ఖిచడీలోను వేరుసెనగ ఉండును. 2020 నాటి మన దేశపు లేబులు నిబంధనలు వేరుసెనగ, పాలు, గ్రుడ్డు, చేప, సోయా మున్నగు వానిని ప్యాకెట్టుపై ప్రకటింపవలెనని శాసించినవి. పెండ్లి పంక్తికి, అన్నదానమునకు లేబులుండదు. అచ్చట అడిగి తెలిసికొనుటయే రక్ష. అడిగినప్పుడు విసుగు లేక చెప్పుట వడ్డించువారి ధర్మము.

చివరి మాట

నేటికి ఈ చికిత్స యొక్క ముఖ్యఫలము బిడ్డ కావలసినన్ని వేరుసెనగలు తినుట కాదు. పొరపాటున ఒక గింజ నోట బడినను బ్రతికి బయటపడుట. తల్లిదండ్రులకు ఇది చిన్న వరము కాదు. కాని దానికి ప్రతిదినపు క్రమశిక్షణయు, సంవత్సరముల ఓపికయు, అనుభవము గల వైద్యుడును, చేతికందు దూరములో అడ్రినలినును కావలెను. ఈ నాలుగింటిలో ఏది కొరవడినను, మానుకొనుటయే క్షేమము. మానుకొని జాగ్రత్తగా బ్రతుకుటయు వైద్యసమ్మతమైన మార్గమే. ఏ మార్గమును ఎంచుకొన్నను, బిడ్డకు ఏది పడదో ఇంటివారికి, బడివారికి, ఇరుగుపొరుగువారికి, వారి వారి భాషలలో తెలియజెప్పుట తొలి కర్తవ్యము.